సగం తెగిన చుక్కలు

"ఇది ఆకాశమా? గోడకి సున్నం కొట్టినట్టుంది!" అంటూ గురువుగారు కురెబయాషి సెన్సే ప్రింటుని బల్ల మీదకి విసిరేసింది.

ఇరవై ఏడేళ్లుగా ఆవిడ గీసే పడవ బొమ్మల కథలో మబ్బులన్నీ సహాయకురాలు సవాకో చేతివే. చుక్కలు అచ్చేసిన పలచటి జిగురు షీటుని బొమ్మ మీద అంటించి, కత్తిమొనతో గీకుతూ పోతే చాలు, తుఫాను దానంతటదే కమ్ముకొచ్చేది. ఇప్పుడా రకం షీట్లు ఎవరూ చెయ్యడం లేదు. టోక్యోలో తిరగని దుకాణం లేదు. చివరికి యాభై నాలుగేళ్ల వయసులో, ఏం చేస్తుంది పాపం, కంప్యూటర్ ముందు కూర్చుంది.

"మబ్బు లేని తుఫానులోకి నా పడవని పంపను. శుక్రవారానికి కుదరకపోతే వచ్చే నెలతో కథ కట్టిపెట్టేస్తా."

"అంత మాటనకండి సెన్సే, ఇంకో నాలుగు రోజులున్నాయిగా!"

"నాలుగు రోజుల్లో ప్రాణం పోస్తావా దీనికి? చూస్తాగా."

డెబ్బై రెండేళ్ల మనిషి, పైగా అన్నంత పనీ చేసే రకం. పెళ్లీ పిల్లలూ లేని సవాకోకి ఆ పడవ కథే ఇల్లూ వాకిలీను. అది ఆగిపోతే రేపు పొద్దున్నే లేచి ఎక్కడికెళ్తుంది?

మూడు రోజులు కుస్తీ పట్టింది. చుక్కలు పెంచింది, తగ్గించింది. సున్నం సున్నమే. గురువారం మధ్యాహ్నం, రేగుపండు పచ్చడి పెట్టిన అన్నం ముద్ద కొరుకుతూ, పాత పేజీ ఒకటి తీసి భూతద్దం పెట్టి చూసింది. కత్తి పోయిన దారిలో చుక్కలు సగానికి తెగి ఉన్నాయి, నూకల్లాగా. కంప్యూటర్ పేజీలో చూస్తే అన్నీ గుండ్రంగా, బుద్ధిగా ఉన్నాయి. చిన్నవయ్యాయే తప్ప ఒక్కటీ తెగలేదు.

"ఓసి నా పిచ్చి మొహమా!" అని నెత్తి కొట్టుకుంది. కంప్యూటర్ పాఠంలో చెప్పినట్టు ముందు బూడిదరంగు వేసి, ఆ రంగునే చెరుపుతోంది తను. రంగు పలచబడ్డ చోటల్లా కంప్యూటర్ మర్యాదగా చిన్న చుక్క పెడుతోంది. గీకాల్సింది రంగుని కాదు, చుక్కని! చుక్కల్ని రంగుని బట్టి మారకుండా బొమ్మలాగా గట్టిపరిచి, చెరిపే పెన్నుని సూదిమొనంత సన్నం చేసి, పేజీని చేతివాటానికి తిప్పుకుంటూ గీకడం మొదలుపెట్టింది. చుక్కలు తెగాయి. వాన మబ్బు కదిలింది.

శుక్రవారం సెన్సే ఆ పేజీ ప్రింటు పట్టుకుని కిటికీ దగ్గరికెళ్లింది. ఉన్నట్టుండి సెన్సే బుగ్గలు ఉబ్బించి, ఆకాశం మీద "ఉఫ్" అని ఊదింది. షీటు గీకితే రాలే పొట్టు కాగితానికి అంటుకుంటుంది కదా, యాభై ఏళ్ల అలవాటు. ఏమీ ఎగరలేదు. మళ్లీ ఊదింది.

"పొట్టేదే?"

"లేదు సెన్సే. అది... కంప్యూటర్లో గీకింది."

సెన్సే మొహం కందగడ్డయింది. తర్వాత పడీ పడీ నవ్వింది. "నన్నే బోల్తా కొట్టించావుగదే గడుగ్గాయీ! కూర్చో, కూర్చో. వచ్చే నెలకి రెండు పేజీల నిండా మబ్బులు కావాలి నాకు. కళ్లు పోయాయని ఏడవకు మరి."

సవాకో అప్పటికే ఏడుస్తోంది. ముక్కు తుడుచుకుంటూనే పెన్ను అందుకుంది.