ఇంకొక్క అడుగు వెనక్కి

ఆ రోజు హాజ్జా ఇంట్లో ఉన్నవాళ్లు: హజ్ యాత్ర చేసొచ్చిన పెద్దావిడ హాజ్జా, ఆమె మనవరాలు పెళ్లికూతురు ఇహ్సాన్, ఇహ్సాన్ మేనత్త లల్లా రఖియా, గోరింటాకు పెట్టడానికి వచ్చిన షామా, ముంగిట్లో అద్దె కుర్చీలు దించుతున్న మగవాళ్లు, ఫొటోలు తీయడానికి వచ్చిన అక్కచెల్లెళ్లు వఫా, గిజ్లాన్. వీళ్లు కాక గిజ్లాన్ సంచిలో ఒక లెన్సు. లెన్సును మనుషుల లెక్కలో వేయకూడదు, నిజమే. కానీ పొద్దున ఫెజ్ పట్నం నుంచి వచ్చే బస్సులో ఆమె దానికి కిటికీ పక్క సీటు ఇచ్చి తను నిలబడి వచ్చింది.

అది కెమెరాల కొట్టువాడు సాయంత్రం దాకా చూసుకోమని ఇచ్చిన లెన్సు. కొవ్వొత్తి వెలుతురు చాలు దానికి, పట్టపగలులా ఫొటో తీస్తుంది. అలాంటివి గిజ్లాన్ దగ్గర ఇప్పటికే రెండున్నాయి. మొదటిది కొన్నప్పుడు, "ఇదొక్కటుంటే చాలక్కా," అంది. రెండోది కొన్నప్పుడు, "ఇదే ఆఖరు, ఒట్టు," అంది. మూడోదానికి ఏమనాలో తోచక వారం రోజులుగా అక్కకు టీ కాచి ఇస్తోంది.

వఫాకు కావలసింది స్కూటరు. పాతది ఎక్కేకంటే తోసేదే ఎక్కువైంది. చివరికి ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. ఈ రోజు ఫొటోలు చూసి హాజ్జా బాగున్నాయంటే కొనేది లెన్సు, పెదవి విరిస్తే స్కూటరు.

గిజ్లాన్‌కు అన్నీ కలిసొచ్చాయి. ఆడవాళ్లు తల మీద గుడ్డ లేకుండా కూర్చున్నారు కాబట్టి తెరలన్నీ దించేశారు. తడి గోరింటాకు మీద మెరుపు పడితే రంగు పండదని హాజ్జా ఫ్లాష్ వద్దంది. గదంతా మసక. 'నీ కోసమే ఈ చీకటి,' అని లెన్సుతో మనసులోనే చెప్పుకుంది. మనుషులతో ఇంత తీయగా మాట్లాడిన గుర్తు ఆమెకు లేదు.

షామా ఇహ్సాన్ అరచేతిలో మొదటి గీత దించింది. పక్కనే లల్లా రఖియా పాదాల దాకా జరీ కఫ్తాను తొడుక్కుని, కొవ్వొత్తి పట్టుకుని, గడ్డం కాస్త పైకెత్తి కూర్చుంది. గిజ్లాన్ మీట నొక్కింది. కెమెరా తెర మీద బొమ్మ చూసుకుని ఆమెకు కళ్లు చెమర్చాయి. తను తీసిన ఫొటో చూసి తనే ఏడవడం ఆమెకు కొత్త కాదు.

హాజ్జా కళ్లద్దాలు పెట్టుకుని కెమెరాలోకి తొంగిచూసింది.

"వేలు బాగుందే. ఈ వెనకాల మబ్బేమిటి?"

"మబ్బు కాదు హాజ్జా... లల్లా రఖియా."

గదిలో టీ తాగే చప్పుడు ఆగిపోయింది.

"ఏదీ, ఇలా తే," అంది రఖియా. చూసింది. "రంజాన్ నుంచి కుట్టించానే ఈ కఫ్తాను! దర్జీకి కళ్లు పోయినంత పనైంది. నన్ను పొగ చేసి పెడతావా?"

"వెనకాల మసగ్గా ఉంటేనే అందం లల్లా..."

"వెనకాలా? పిల్లకు మేనత్తని, నేను వెనకాలా?"

గిజ్లాన్ నాలుక కరుచుకుంది. ఇన్ని పెళ్లిళ్లు తిరిగి కూడా ఎలా మరిచిందో! ఆ ఊళ్లో పెళ్లి ఆల్బం తెరిచేది పెళ్లికూతురి కోసం కాదు. ఎవరొచ్చారు, ఏం వేసుకొచ్చారు, ఎవరి పక్కన కూర్చున్నారు, అందుకోసం. ఆల్బంలో కనపడని మేనత్త పెళ్లికి రానట్టే. రానిదానికి కారణాలు ఊరే కల్పిస్తుంది.

"సంచిలో పాతది ఉందిగా, అది పెట్టవే," అంది వఫా మెల్లగా.

"వద్దక్కా. దీనికి కాస్త దూరం కావాలి, అంతే. వెనక్కి జరిగితే ఇద్దరూ స్పష్టంగా పడతారు."

"ఆడలేక మద్దెల ఓడన్నారు. నీకు మద్దెల మీద మద్దెల కావాలి."

గిజ్లాన్ వెనక్కి జరిగింది. రఖియా ముక్కు దొరికింది, జరీ దొరకలేదు. ఇంకో అడుగు. మడమ తగిలి టీ పళ్లెం ఘల్లుమంది. బాదం కజ్జికాయలు తివాచీ మీద దొర్లాయి. "క్షమించండి," అని, కన్ను కెమెరా నుంచి తీయకుండానే ఇంకో అడుగు వేసింది. వీపుకు తలుపు తగిలింది. గోడ తనంతట తనే దారిచ్చిందనుకుని సంతోషించింది.

"ఎక్కడికే ఆ పోవడం?" ఇహ్సాన్ గోరింటాకు చేతులు పైకెత్తి నవ్వాపుకోలేక ఊగిపోతోంది. "కదిలించకమ్మా, గీత చెదురుతుంది," అని షామా గోల.

"ఇంకొక్క అడుగు! కదలకండి లల్లా!"

గడప దాటిన ఆమె వెనక, ముంగిట్లో కుర్చీల చప్పుడు ఆగింది. ఎవరో మగగొంతు దగ్గింది.

"నా తల్లో! తలుపు బార్లా తెరిచింది!" రఖియా తల మీద చెయ్యి వేసుకుని లేచింది.

"ఈ యంత్రానికి మన ఇల్లు చాలదే అమ్మాయ్," అంది హాజ్జా నిట్టూర్చి. వఫా అప్పటికే పాత లెన్సు తన కెమెరాకు తగిలించుకుంది. "ఎర్ర స్కూటరు బాగుంటుందా హాజ్జా, నీలమా?" అని అడుగుతోంది.

గిజ్లాన్‌కు అవేవీ వినపడలేదు. తన వైపే విసవిసా వస్తున్న రఖియా కఫ్తాను మీద ఒక్కొక్క జరీ పోగూ, ఒక్కొక్క గుండీ అద్దంలో చూసినట్టు తేటపడుతోంది.

"అక్కడే! అక్కడే ఆగండి లల్లా, ఇప్పుడు ఎంత స్పష్టంగా..."

రఖియా ఆమె ముఖం మీదే తలుపు వేసేసింది.