ముందువైపు కొట్టు, వెనకవైపు ఇల్లు

తీగకు గుచ్చిన కాగితాలను ఒక్కొక్కటే ఊడదీస్తూ గుమాస్తా మళ్ళీ తుమ్మాడు. ముప్పై ఏళ్ళుగా ఈ పొగాకు ఘాటులోనే బతుకుతున్నా ముక్కుకి అలవాటు కాలేదు. ఈ ఇంటి మనుషులూ అంతే. అతని వేళ్ళు పసుపుపచ్చబడ్డాయి, నడుం వంగింది, ఎడమకంట్లో పొర కమ్మింది. జీతం మాత్రం చేరిన నాటిదే.

చుట్టల షావుకారు పోయి నెల తిరిగింది. పిల్లికి బిచ్చం పెట్టని మనిషి. "కాగితానికి రెండు వైపులుండగా రెండు కాగితాలెందుకురా, దండగ!" అనేవాడు. అందుకని ఆయనకు ఎవరు ఉత్తరం రాసినా ముందువైపు ఆకు ధర, ఓడల సంగతి రాసి, వెనకవైపు పెళ్ళిళ్ళు, పురుళ్ళు, జబ్బులు రాయాల్సిందే. కొట్టు సంగతి లేని ఉత్తరాన్ని, కన్నకూతురు రాసినా సరే, ఆయన ముట్టుకునేవాడు కాదు.

ఇప్పుడు కొట్టు పెద్దకొడుక్కి, ఇల్లు చిన్నకొడుక్కి వచ్చాయి. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. వ్యాపారం కాగితాలు నావని ఒకడు, ఇంటి కాగితాలు నావని ఇంకొకడు. రెండూ ఒకే కాగితం మీద ఉన్నాయని గుమాస్తా చెప్పబోతే పెద్దవాడు కసిరాడు.

"నీ సలహా ఎవడడిగాడయ్యా? అన్నీ నడిమికి కోసెయ్. పైసగం నాకు, కిందిసగం వాడికి. అది కాగానే నీ లెక్క తేల్చి పంపేస్తా."

వీడి తెలివి తెల్లారినట్టే ఉంది అనుకున్నాడు గుమాస్తా. పైకి మాత్రం "అలాగే బాబూ" అన్నాడు.

కాసేపటికి షావుకారు భార్య మెట్లు దిగి వచ్చింది. ఈ ఇంట్లో అతన్ని 'గారూ' అని పిలిచేది ఆవిడొక్కతే.

"గుమాస్తాగారూ, మా అమ్మాయి ఆఖరి ఉత్తరం ఒక్కటి కొయ్యకుండా ఉంచండి. మీకు పుణ్యముంటుంది. నాకింకేమీ వద్దు."

ఆ అమ్మాయి పురిట్లో పోయింది. ఉత్తరం ముందువైపు తడిసిపోయిన ఆకు సంగతులు, వెనక తల్లికి నాలుగు మాటలు. ఆవిడకు చదువు రాదు. అప్పట్లో చదివి వినిపించింది గుమాస్తాయే. ఆ ఉత్తరం వెతికి తీసి సిరాబుడ్డి కింద పెట్టాడు.

మధ్యాహ్నం పెద్దవాడు, చుట్టలు చుట్టేవాళ్ళందరి ముందు, గుమాస్తా సంచి గుంజుకుని నేలమీద బోర్లించాడు. తువ్వాలు, కళ్ళజోడు గుడ్డ, తినగా మిగిలిన రొట్టెముక్క పడ్డాయి. చుట్ట ఒక్కటీ లేదు. గుమాస్తా జన్మలో చుట్ట కాల్చి ఎరగడు.

"ఇవాళ లేదు. నిన్న ఉందేమో ఎవడు చూశాడు!" అని వెళ్ళిపోయాడు పెద్దవాడు.

ఎవడో కిసుక్కున నవ్వాడు. గుమాస్తాకి నలుగురిలో తల తీసేసినట్టయింది. రొట్టెముక్క ఏరుకుని వచ్చి బల్ల దగ్గర కూర్చుని కత్తెర అందుకున్నాడు.

"కొయ్యమన్నావుగా, ఇదిగో కోస్తున్నా. ఒక్క ముక్కా అర్థంకాక ఏడవండి ఇద్దరూ!"

పళ్ళు కొరుకుతూ కట్టలు కట్టలు కోశాడు. ఆఖరికి సిరాబుడ్డి కిందిది మిగిలింది. ఈవిడ మాత్రం ఏనాడైనా కొడుకుని నోరుముయ్యమందా? గారూ గీరూ అంటే సరిపోయిందా? అదీ కోసేశాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపించానని కోశాక గానీ తెలిసిరాలేదు.

అంతలోనే పెద్దవాడు వచ్చి తన వాటా ఎత్తుకున్నాడు. ఒకటి చదివాడు, రెండోది చదివాడు, మొహం కందగడ్డయింది.

"సగం సగం మాటలు! వెనకంతా ఏడుపులు, పురుళ్ళు! తీసుకెళ్ళి చుట్టల కట్టలకి చుట్టండిరా!"

"బాబూ, అందులో ఒకటి..."

"నోర్ముయ్!"

గుమాస్తా నోరు మూసుకున్నాడు. ఆ నోటికి అదే అలవాటు. దీపాలు పెట్టకముందే చుట్టల బండి రేవుకి వెళ్ళిపోయింది.

ఆవిడ చుట్టల కొట్టంలోంచి పిండిజిగురు గిన్నె పట్టుకుని వచ్చింది.

"కోశారట కదా. పోనీలెండి, అతికించుకుంటాను. ముక్కలివ్వండి."

కిందిసగం ఇచ్చాడు.

"రెండోదేదీ?"

"బండి వెళ్ళిపోయిందమ్మా."

ఆవిడ ఆ ముక్కను అతని మీదికి విసిరినట్టే అందించింది.

"ఉన్నదైనా చదివి చావు."

గుమాస్తా కళ్ళజోడు సర్దుకున్నాడు.

"'...అని ఇక్కడ నన్నెవరూ అడగరు. నువ్వయితే రోజూ అడిగేదానివి. ఉంటానమ్మా.' అంతేనమ్మా ఉంది."

"ఏమని అడిగేదాన్నిరా?"

అతను చదివిన ఉత్తరమే. ఎంత తడుముకున్నా ముందువైపు తడిసిన ఆకు సంగతే గుర్తొచ్చింది గానీ, వెనకవైపు మాట రాలేదు.

"గుర్తులేదమ్మా."

"ఫో! నా కళ్ళెదట నుంచి ఫో!"

కొడుకులిద్దరూ వసారాలో కీచులాడుకుంటూనే ఉన్నారు. సంచి చంకన పెట్టుకుని వాళ్ళ మధ్యనుంచే గుమాస్తా వీధిలోకి దిగాడు. లెక్క తేల్చలేదేమని అతను అడగలేదు, వాళ్ళూ పిలవలేదు. ఆవిడ కాగితం ముక్కను కొంగున ముడేసుకుని మేడెక్కిపోయింది.

బల్లమీద పిండిజిగురు గిన్నె అలాగే ఉంది, ఎవరూ వేలు పెట్టకుండా, పైన మీగడలా తొరక కడుతూ.