సాయంత్రం సెక్షన్ వాళ్ళు

పూర్వ విద్యార్థుల సన్మాన సభకని ఆడిటోరియం నడవాలో మా ఫొటోలు వరసగా వేలాడదీశారు. పైన బంగారు రంగు అక్షరాల్లో 'మన విశ్వవిద్యాలయానికి గర్వకారణం' అని ఉంది. నా ఫొటో కింద 'సుప్రసిద్ధ న్యాయవాది' అని రాశారు. చదివిన కోర్సు రాశారు, విభాగం రాశారు. సాయంత్రం తరగతుల్లో చదివానన్న మాట మాత్రం శుభ్రంగా మింగేశారు. సుప్రసిద్ధ అట! ఉద్యోగంలోంచి తీసేసిన కార్మికుల కేసులు వాదించే నన్ను వాళ్ళ యజమానులు తలుచుకున్నంతగా ఇంకెవరూ తలుచుకోరు.

"ఫొటోలో నువ్వు నువ్వులా లేవు," అన్నాడు మా ఆయన.

"ఎందుకని?"

"నోరు మూసుకుని ఉన్నావుగా."

ఇంకో రోజైతే నవ్వేదాన్నే. ఆ రోజు పొద్దున పేపర్ చూసినప్పటి నుంచీ ఒళ్ళు మండిపోతోంది. వచ్చే టర్మ్ నుంచి సాయంత్రం తరగతులు ఎత్తేస్తున్నారు. సగం చదువులో ఉన్నవాళ్ళు కావాలంటే పగటి తరగతుల్లో చేరాలట. పగలంతా పని చేసుకుని బతికేవాళ్ళని పగలు రమ్మనడమంటే అసలు రావద్దనడమే. ఆ నిర్ణయం చేసిన కమిటీకి అధ్యక్షుడు ఎవరో కాదు, పక్క ఫొటోలో చిరునవ్వు నవ్వుతున్న ఆర్థికశాఖ మాజీ కార్యదర్శి. నాతోపాటు ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాడు. నేను బేకరీలో పని ముగించుకుని తల నిండా పిండితో వచ్చేదాన్ని. అతను లాండ్రీ నుంచి వచ్చేవాడు. సబ్బునీళ్ళలో నాని వేళ్ళు ముడతలు పడి ఉండేవి. నేను తెచ్చిన మిగులు రొట్టెలు ఇద్దరం పంచుకుని తినేవాళ్ళం.

రిజిస్ట్రార్ చేతులు నలుపుకుంటూ వచ్చాడు. "మేడమ్, చిన్న మనవి. వేదిక మీద ఆ సాయంత్రం తరగతుల గొడవ ఎత్తకండి. అధ్యక్షులవారు ప్రత్యేకంగా చెప్పమన్నారు."

"ఆయన నోటితో ఆయన్నే చెప్పమనండి," అని నేరుగా వేదిక వెనక గదిలోకి వెళ్ళాను. అధ్యక్షుడు అద్దం ముందు టై సర్దుకుంటున్నాడు.

"ఆ సంతకం పెట్టడానికి నీకు చెయ్యెలా వచ్చిందోయ్?" అన్నాను.

"కాలం మారింది. ఇప్పుడంతా ఫోన్లోనే చదువుకుంటున్నారు. ఆ గదులకి కరెంటు దండగ."

"ఆ దండగ కరెంటు వెలుగులోనే కదా నువ్వు చదువుకుంది?"

"కాస్త మెల్లగా మాట్లాడు," అంటూ తలుపు వైపు చూశాడు. "అదంతా మా పిల్లలకి కూడా తెలీదు."

ఒక్క క్షణం జాలేసింది. ఇన్నేళ్ళుగా ఇంట్లోవాళ్ళ దగ్గర కూడా దాక్కుని బతుకుతున్నాడన్నమాట. ఆ వెంటనే కోపం రెట్టింపైంది. తను దాక్కోవడం కోసం అందరి గదికీ తాళం వేస్తాడా?

సభ మొదలైంది. కుర్చీలన్నీ ఆహ్వానితులవి. సాయంత్రం సెక్షన్ పిల్లలు పనిలోంచి నేరుగా వచ్చి, సంచులు భుజాన వేసుకుని వెనక గోడకి ఆనుకుని నిలబడ్డారు. వాళ్ళని ఎవరూ పిలవలేదు, వెళ్ళగొట్టే ధైర్యమూ ఎవరికీ లేదు. నా వంతు వచ్చింది. రాసుకొచ్చిన ప్రసంగం మడిచి సంచిలో పెట్టేశాను.

"మా సాయంత్రం లెక్చరర్‌గారికి ఒక అలవాటుండేది," అన్నాను మైకులో. "హాజరు పేర్లతో పిలిచేవారు కాదు, చేసే పనితో పిలిచేవారు. ఎవరు ఏ పని చేసి అలిసిపోయి వచ్చారో తెలియకుండా పాఠమెలా చెప్పనూ అనేవారు. ఇప్పుడు క్లాసు వేళైంది. హాజరు తీసుకుందాం. బేకరీ? ఉన్నాను."

హాల్లో నవ్వులు వినిపించాయి. రిజిస్ట్రార్ మాత్రం గొంతులో వెలక్కాయ పడ్డట్టు చూశాడు.

"లాండ్రీ?"

అధ్యక్షుడు ఎదురుగా ఉన్న గ్లాసులోని నీళ్ళు చూస్తున్నాడు. నేను అతని వైపు తిరిగి మళ్ళీ పిలిచాను. అతను పలకాలని ఎంత కోరుకున్నానో చెప్పలేను. ఒక్కసారి లేచి నిలబడితే చాలు, ఆ సంతకంతో సహా అన్నీ క్షమించేసేదాన్ని. అతను తల ఎత్తలేదు.

"ఉన్నాను మేడమ్!"

గోడ దగ్గర ఒక అమ్మాయి చెయ్యెత్తింది. ఏప్రన్ కూడా విప్పలేదు. పాపం, తననే పిలిచారనుకుంది. ఆ పిల్ల కూడా లాండ్రీలోనే పని చేస్తుందని నాకేం తెలుసు! తర్వాతి పిలుపు నేను పిలవాల్సిన అవసరమే రాలేదు.

"గోడౌన్, ఉన్నాను!" అన్నాడొకడు. "ఆసుపత్రి వంటగది!" "లిఫ్ట్ మెకానిక్!" "వాచ్‌మన్!" గోడ పొడుగునా గొంతులు లేచాయి. ఎవరో నా మైకు ఆపేశారు. నాది కోర్టు గొంతు, మైకు లేకపోతే ఆగుతుందా?

"హాజరు అయిపోయింది. పదండి, క్లాసుకి పోదాం," అని మెట్లు దిగాను. అధ్యక్షుడి వైపు మళ్ళీ చూడలేదు. మా ఆయన నా సంచి పట్టుకుని ముందే బయల్దేరాడు.

మా పాత తరగతి గదిలో బెంచీలు చాలక కొందరు కిటికీల్లో కూర్చున్నారు. ఇంత అల్లరీ చేసిన నాకు అప్పుడు కాస్త భయమేసింది. ఇప్పుడు వీళ్ళని ఉత్త చేతులతో పంపితే నేను చేసిందంతా వట్టి నాటకమైపోతుంది. సుద్దముక్క తీసుకున్నాను.

"పై అధికారులిచ్చిన ఉత్తర్వుని కోర్టులో ఎలా కొట్టేయించాలి, ఇదీ ఈ రోజు పాఠం. రేపే ఈ ఉత్తర్వు మీద కేసు వేస్తున్నాం. మొదటి పేరు ఎవరిది రాయమంటారు?"

ఏప్రన్ అమ్మాయి లేచింది. "నాది రాయండి మేడమ్. కానీ ఈ సంగతి తెలిస్తే మా ఓనరు పనిలోంచి తీసేస్తాడేమో."

"తీసెయ్యనీ. ఆ కేసు కూడా నేనే వేస్తాను."

"అయితే పెద్ద అక్షరాలతో రాయండి," అంది.