జ్యూరీలో మూడో కుర్చీ

కలకత్తాలో ఏ సభకీ పెద్దలు వేళకి వచ్చిన పాపాన పోలేదు. ఒకనాడు ఊరేగింపు అడ్డం పడుతుంది, ఒకనాడు ట్రాము ఆగిపోతుంది, ఏదీ లేకపోతే టీ కొట్టు దగ్గర మాటల్లో పడిపోతారు. అందుకే భవానీపూర్‌లో తెలుగు సంఘం యువ చిత్రోత్సవం పెట్టిన ఏడాది, దాన్ని నడిపే గోవిందరాజు లిలువా రైల్వే కాలనీ దాకా వెళ్ళి జెరూషాని అడిగాడు.

"జ్యూరీని నువ్వే పరిచయం చెయ్యాలమ్మా. నువ్వు పిలిస్తే ఇంక ఎవరికోసమూ చూడక్కర్లేదు."

జెరూషా మైకులో పేరు పిలిస్తే ఆ మనిషి వచ్చేస్తాడు. ఎంత దూరంలో ఉన్నా సరే, సభకి దగ్గర్లో ఉన్న తలుపేదో తోసుకుని లోపలికొస్తాడు. తిరిగి వెళ్ళేటప్పుడు మాత్రం అందరిలాగే బస్సో రైలో ఎక్కాలి. చిన్నప్పుడు చర్చిలో క్రిస్మస్ నాటకానికి పేర్లు చదువుతుంటే ఈ సంగతి బయటపడింది. ఖరగ్‌పూర్‌లో భోంచేస్తున్న యోసేపు వేషగాడు ఎంగిలి చేత్తో వచ్చి నిలబడ్డాడు. అప్పట్నించి రైల్వే కాలనీలో పిల్లలు తప్పిపోయినా, పార్టీ మీటింగుకి జనం పలచబడినా జెరూషాకే కబురు. ఒకే పేరు పదిమందికి ఉంటే పిలిచే మనిషి మనసులో ఉన్నవాళ్ళే వస్తారు గనక గొడవ ఉండేది కాదు.

తండ్రి యెషయా వర్క్‌షాపులో ఫిట్టరు. కూతురు ఎక్కడ మైకు పట్టుకున్నా ముందు వరసలో కూర్చునేవాడు. అది మురిపెం అనుకునేది జెరూషా. ఆయన ఆమెకి పెట్టిన ఆంక్ష ఒక్కటే.

"పోయినోళ్ళ పేరు మాత్రం మైకులో పిలవకే అమ్మా. ఆళ్ళ నిద్ర చెడిపోద్ది."

పోయిందంటే వాళ్ళింట్లో పోయింది తల్లే. జెరూషాకి మాటలు వస్తూ ఉన్న రోజుల్లో ఊపిరితిత్తుల జబ్బుతో పోయిందని చెప్పాడు. ఆ పేరు జెరూషా మైకులో కాదు కదా, వంటింట్లో కూడా ఎప్పుడూ అనలేదు.

చిత్రోత్సవం ఆదివారం మధ్యాహ్నం మొదలైంది. ఆరోజే బ్రిగేడ్ మైదానంలో పెద్ద సభ. ఎర్రజెండాల లారీలతో దారులన్నీ బిగుసుకుపోయాయి. హాల్లో కాలేజీ పిల్లలు కిక్కిరిసి ఉన్నారు. స్టేజీ మీద మూడు కుర్చీలూ ఖాళీ.

జెరూషా మైకు అందుకుంది.

"మన జ్యూరీలో మొదటివారు, కెమెరామన్ నిఖిలేశ్ సాన్యాల్ గారు."

పక్క తలుపు తెరుచుకుంది. సాన్యాల్ ఒక చెంప గీసుకుని, రెండో చెంప సబ్బు నురగతో వచ్చాడు. గోవిందరాజు తువ్వాలు అందించి పూలగుత్తి ఇచ్చాడు. రెండోవాడు కామేష్, పేపర్లో సినిమాల మీద రాస్తాడు. బస్సులో నిలబడ్డవాడు నిలబడ్డట్టే వచ్చి, అలవాటుగా పైన కమ్మీ కోసం చెయ్యి చాపి, లేదని దించుకున్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

మూడో జ్యూరీ సభ్యుడికి పొద్దున్నే జ్వరం తగిలింది. ఆయన బదులు, చెల్లెలింటికి వచ్చి ఉన్న మద్రాసు సినిమా ఎడిటరొకామెని ఫోనులో ఒప్పించానని గోవిందరాజు ఇందాకే జెరూషా చెవిలో చెప్పాడు. విన్న పేరు జెరూషా తల్లి పేరే. కానీ ఈవిడ బతికున్న మనిషి. తెలుగు క్రైస్తవుల్లో ఇంటికొకరు ఉంటారు ఆ పేరుతో.

"మూడోవారు, విజయ కుమారి గారు."

ముందు వరసలో యెషయా లేచి నిలబడ్డాడు. "వద్దమ్మా" అన్నాడు. అప్పటికే తలుపు తెరుచుకుంది.

తెల్లచీర కట్టుకున్న నర్సు లోపలికొచ్చింది. చేతిలో థర్మామీటరు ఉంది. దీపాల వెలుగుకి కళ్ళు చికిలించింది. ఆ చికిలించడం, పైపెదవి మీద ఆ మడత, జెరూషా రోజూ అద్దంలో చూసుకునేవే. మైకుని రెండు చేతులా గుండెలకి హత్తుకుంది.

గోవిందరాజు ఎడిటరు గారిని ఎప్పుడూ చూసినవాడు కాదు. "రండి మేడమ్, రండి" అని పూలగుత్తి చేతిలో పెట్టి మూడో కుర్చీలో కూర్చోబెట్టాడు.

"నేను అసన్సోల్‌లో డ్యూటీలో ఉన్నానండి. వార్డులో పేషెంట్లున్నారు. నన్ను పిలిచిందెవరు?" అందామె.

యెషయా స్టేజీ మెట్ల దాకా వచ్చాడు. పైకి ఎక్కలేక కిందే ఆగిపోయాడు.

"విజయా, నీ కూతురే పిలిచింది. జెరూషా."

ఆమె ఆయన్ని గుర్తుపట్టింది.

"జెరూషా పోయింది కదా" అంది మెల్లగా. "శానిటోరియానికి మీరే వచ్చి చెప్పారు. జ్వరం తగిలి పోయిందన్నారు. పాతిపెట్టేశాం, చూడ్డానికి ఏటీ లేదు అన్నారు."

మైకు జెరూషా గుండెల దగ్గరే ఉంది. ఆ మాటలు హాలంతా వినబడ్డాయి. సాన్యాల్‌కి తెలుగు రాదు. అయినా సబ్బు తుడుచుకుంటున్న చెయ్యి అలాగే ఉండిపోయింది.

"నాన్నా, ఏటిది?" అంది జెరూషా.

యెషయా కూతుర్ని చూడలేదు. నేలకేసి చూస్తూ చెప్పాడు.

"పిల్లని దగ్గిరికి రానివ్వొద్దన్నాడు డాక్టరు. మీ అమ్మ ఆగేది కాదు. రాత్రుళ్ళు గోడ దూకి నిన్ను చూసుకోడానికి వచ్చేసేది. దగ్గుతూ నిన్ను ఎత్తుకునేది. అప్పటికే నీ పైన పుట్టినోణ్ణి ఆ జబ్బుకి ఇచ్చేశాను. నిన్నూ ఇచ్చుకోలేక, మీ అమ్మకి నువ్వు లేవని చెప్పాను. నీకు అమ్మ లేదని చెప్పాను. తగ్గాక తీసుకొద్దామనే అనుకున్నాను. తగ్గింది. ఏ మొహం పెట్టుకుని ఎల్లను?"

విజయ కుమారి పూలగుత్తి ఒళ్ళో పెట్టుకుని రాయిలా కూర్చుంది. ఏడవలేదు. ఇన్నేళ్ళూ తను ఏడ్చిందంతా ఎవరికోసమో ఆమెకి ఒక్కసారిగా తెలియకుండా పోయింది.

గోవిందరాజు జెరూషా పక్కకొచ్చి గొణిగాడు. "అమ్మా, పరిచయం సగంలో ఉండిపోయింది. పిల్లలు చూస్తున్నారు."

జెరూషా మైకు నోటి దగ్గరికి తెచ్చుకుంది. మూడో కుర్చీ వైపు తిరిగింది.

"వీరు విజయ కుమారి గారు" అంది. "సినిమాలు తీయలేదు. రోగులకి సేవ చేస్తారు. మా అమ్మ. ఈ సంగతి నాకూ ఇప్పుడే తెలిసింది."

చప్పట్లు కొట్టాలో వద్దో పిల్లలకి తోచలేదు. వెనకెక్కడో ఎవరో మొదలుపెడితే హాలంతా అందుకుంది. మద్రాసు ఎడిటరు చెమటలు కక్కుతూ తన కాళ్ళ మీద తనే వచ్చేసరికి మొదటి సినిమా సగమైంది. ఆమెకి ఇంకో కుర్చీ వేశారు. మూడో కుర్చీలోంచి విజయ కుమారిని లేపడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఆమె తెర వైపు ఒక్కసారీ చూడలేదు.

సాయంత్రం ముగ్గురూ హౌరా స్టేషన్‌కి ఒకే బస్సులో వెళ్ళారు. లిలువా లోకల్ ఒక ప్లాట్‌ఫారం మీద, అసన్సోల్ బండి ఇంకో ప్లాట్‌ఫారం మీద ఆగి ఉన్నాయి. యెషయా అలవాటు కొద్దీ లోకల్ వైపు నడిచి, పక్కన కూతురు లేదని గ్రహించి వెనక్కి చూశాడు.

జెరూషా తల్లి వెనకాలే అసన్సోల్ బండి ఎక్కుతోంది. చేతిలో సంచీ కూడా లేదు.

"బట్టలేనా తెచ్చుకోలేదు కదే" అన్నాడు దగ్గరికొచ్చి.

"అమ్మవి కట్టుకుంటాను."

"నా మీద కోపమా?"

"తెలీదు నాన్నా. ఇంకా కోపం దాకా రాలేదు."

ఆయన తలాడించి కిటికీ పక్కనే నిలబడ్డాడు. బండి కదిలినా చెయ్యి ఊపలేదు.

పెట్టెలో తల్లీకూతుళ్ళు ఎదురెదురుగా కూర్చున్నారు. కాసేపటికి విజయ కుమారి లేచి పక్కకొచ్చి కూర్చుంది. జెరూషా చెయ్యి ఒళ్ళోకి తీసుకుని, మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి, నర్సులు చూసినట్టే నాడి చూసింది. ఒక నిమిషం చూస్తే చాలు. ఆమె బర్ద్వాన్ స్టేషన్ దాటినా వేళ్ళు తియ్యలేదు.