కంటినరాల కింది సన్ననాళాలు

గ్లాసు ఉందనుకున్న చోట ఆమె మంచినీళ్లు పోసింది. నీళ్లు బల్లంతా పారాయి.

"కళ్లెక్కడ పెట్టుకున్నావమ్మా?" అంది అత్తగారు.

కళ్లు ఉండాల్సిన చోటే ఉన్నాయి. చూపే రెండు పక్కలా ముడుచుకుపోతోంది. మెదడు అడుగున శనగగింజంత పిట్యూటరీ గ్రంథిలో గడ్డ లేచి, పైనున్న కంటినరాలను నొక్కుతోంది. స్కాన్ చూసి ఆ సంగతి ముందుగా తేల్చుకున్నది ఆమే. మెడికల్ కాలేజీలో అనాటమీ చెబుతుంది మరి. ఇంట్లో మాత్రం ఆమె "శవాల డాక్టరు". ఆ బిరుదిచ్చింది మొగుడు మహాశయుడే. ఆయన ఊరంతా చేతులెత్తి మొక్కే న్యూరోసర్జన్.

"ఇంట్లోనే సర్జన్ ఉండగా బయటికెందుకు? పై వారం నేనే చేసేస్తా," అన్నాడాయన ఫోన్లోంచి తలెత్తకుండా.

శవాల ధమనుల్లోకి ఎర్రరంగు ఎక్కించి, ఆ గ్రంథి చుట్టూ వెంట్రుకల్లా ఉండే నాళాలను ఏళ్ల తరబడి విడదీసి చూసిన మనిషి ఆమె. వాటిలో కొన్ని పైకి పాకి కంటినరాలకు రక్తం అందిస్తాయి. గడ్డ తీసేటప్పుడు వాటిని మెల్లగా పక్కకు జరపాలి. ఆయనకంత ఓపికేదీ? నెత్తురు చెమరిస్తే చాలు, కరెంటు పట్టకారుతో ఆ నాళాన్ని మాడ్చేయడమే. పోయినేడు బట్టలు కుట్టుకు బతికే ఒకావిడకు అదే చేశాడు. ఆపరేషన్ వీడియోలో మాడిన నాళాన్ని ఆమె వేలు పెట్టి చూపిస్తే నవ్వాడు.

"నీ శవాలకు నెత్తురు కారదు కదే, నీకేం తెలుస్తుంది! వెళ్లి కాఫీ పట్రా."

ఆమె వెళ్లి కాఫీ తెచ్చింది. ఆ కుట్టుపనావిడ మళ్లీ సూదిలో దారం ఎక్కించలేదు. ఆ ఏడే సర్జన్ల సదస్సులో ఆయన, భార్య శవాల్లో తీసిన ఫొటోలు చూపించి, నాళాలను ఎలా కాపాడాలో ఉపన్యసించి చప్పట్లు కొట్టించుకొచ్చాడు. శ్రీరంగనీతులు చెప్పడంలో ఆయన తర్వాతే ఎవరైనా.

"ఆ సన్ననాళాలు కాస్త చూసి..." అని ఇప్పుడూ నోరు విప్పింది.

"మొదలెట్టావూ! గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించిందట."

పోనీ ఇంకొకరి దగ్గరికి వెళదామా అంటే, ఊళ్లోనూ చుట్టుపక్కలా సర్జన్లంతా ఆయన శిష్యులే. గురువు మాడ్చినట్టే మాడుస్తారు. ఇన్నేళ్లు, ఇన్ని శవాలు, ఎవరికోసం చేసినట్టు?

"అదేంటమ్మా, కట్టుకున్నవాడి చేతిమీద ఆమాత్రం నమ్మకం లేదూ?" అంది అత్తగారు.

ఆమె బల్ల తుడిచిన గుడ్డను పిండి పక్కన పెట్టింది.

"లేదత్తయ్యా. ఇలాగే గుడ్డిదాన్నైపోతానేమో, పోనీండి. ఆ చెయ్యి మాత్రం నా తలలోకి రానివ్వను."