ఉత్తుత్తి సీసాలు

భిక్షం చేతి నుంచి నెత్తురు ధారకట్టినా గుమస్తా పని ఆపనివ్వలేదు. "ఇంకో లారీ వస్తోంది, గుడ్డ చుట్టుకుని కానివ్వు" అన్నాడు.

ఫిల్మ్ నగర్ స్టూడియో చెత్త ఏరేవాళ్ళకు ఒక అలవాటుంది. ఫైట్లలో తలల మీద పగలగొట్టే ఉత్తుత్తి సీసాల పెంకులు చేతిని కొయ్యవు. వాటిని ఒట్టి చేతులతోనే దోసిళ్ళకొద్దీ ఎత్తిపోస్తారు. ఇన్నేళ్ళూ స్టూడియో చెత్త ఒక లారీలో, హోటళ్ళ చెత్త మరో లారీలో వచ్చేది. కాంట్రాక్టరు త్రినాథరావు డీజిలు మిగుల్తుందని రెండూ కలిపేశాడు. కుప్పమీద ఉత్తుత్తి పెంకులే చూసి భిక్షం మోచేతిదాకా చెయ్యి దించాడు. కింద ఉన్నది ఎంగిలి కూరలో నానిన అసలు గాజు, జూబ్లీ హిల్స్ బారు సీసాలు.

తొమ్మిదో రోజున ధనుర్వాతంతో దవడలు బిగుసుకుని ఆసుపత్రిలో చనిపోయాడు. భార్య బుచ్చమ్మ పోసిన గుక్కెడు నీళ్ళు కూడా గొంతు దిగలేదు.

దినాలు కాగానే ఆమె చెత్త వేరుచేసే రహమత్ నగర్ షెడ్డుకు వచ్చింది. పనివాళ్ళందరూ చుట్టూ చేరారు.

"కలిపి తెస్తే లారీ దింపొద్దు" అంది.

"మనం దింపకుంటే ఇంకొకడు దింపుతడు బిడ్డా" అన్నాడు ముసలి పోచయ్య. "క్రిష్ణానగర్ కూలీల అడ్డా కాడ మనుషులకు కరువా?"

"గా ఇంకొకని చెయ్యి తెగితే నెత్తురు రాదా మామా? గాళ్ళను సుత రమ్మందాం."

"పోయిన నెల నా ఏలు తెగింది. పసుపద్దుకొని నోర్మూసుకున్న" అంది శకుంతలమ్మ. "ఆ రోజే లొల్లి జేస్తే భిక్షమన్న బతుకుతుండె." ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.

మర్నాడు పొద్దున త్రినాథరావు అందరికీ కొత్త గ్లౌజులు పంచాడు. "హైటెక్ సిటీ నుంచి మేడం వస్తున్నారు. ఆవిడ వెళ్ళగానే తిరిగి ఇచ్చేయాలి, మరకలు చేయకండి."

సాఫ్ట్‌వేర్ కంపెనీ చెత్త ఎవరికి అప్పగించాలో చూడడానికి వచ్చిన ప్రణతి, "ఎలా వేరు చేస్తారండీ?" అని అడిగింది.

"అంతా సైంటిఫిక్ అండీ" అన్నాడు త్రినాథరావు.

మళ్ళీ కలిపి నింపిన లారీయే వచ్చింది. ఒక్కరూ కదల్లేదు. పోచయ్య గ్లౌజులు విప్పి నేలమీద పెట్టి, వెళ్ళి లారీ ముందు కూర్చున్నాడు. అతని వెనక అందరూ కూర్చున్నారు.

బుచ్చమ్మ ప్రణతి దగ్గరికి వచ్చింది. "మేం వేరు జేసుడు గాదమ్మా, మీరే వేరు జేసి ఇయ్యాలె. తిన్నది ఒక డబ్బాల, కాయితం ఒక డబ్బాల, పగిలింది మూటగట్టి పక్కకు. మీకు నిమిషం పని. నాకు మనిషి పోయిండు."

ప్రణతి చేతిలోని కాగితాలు మడిచింది. "ఎవరు పోయారు?" అని త్రినాథరావును అడిగింది. అతను అప్పటికే ఫోనులో ఉన్నాడు.

పావుగంటలో పోలీసు వ్యాను వచ్చింది. పోలీసులు బుచ్చమ్మను ఒక్కదాన్నే ఎక్కమన్నారు. ఆమె వెనకే శకుంతలమ్మ ఎక్కింది, పోచయ్య ఎక్కాడు, షెడ్డు మొత్తం ఎక్కింది.

"జాగ లేదు, దిగుండ్రి!" కానిస్టేబులు అరిచాడు.

"చెత్త లారీల గిట్లనే వస్తం సార్, మాకు అలవాటే" అన్నాడు పోచయ్య.

దింపేవాళ్ళు లేక లారీ అక్కడే నిలిచిపోయింది. క్రిష్ణానగర్ నుంచి గుమస్తా తెచ్చిన నలుగురు కూలీలు సంగతి తెలిసి గేటు దగ్గరే ఆగిపోయారు.

కదిలిన వ్యానులో బుచ్చమ్మ గట్టిగా ఏడ్వసాగింది. శకుంతలమ్మ గాభరాగా భుజం పట్టుకుంది. "భయమైతుందా వదినె?"

"లే. ఇంట్ల ఒక్కదాన్నే ఉంటే ఏడ్వ బుద్ధి గాలే" అంది బుచ్చమ్మ. "గీడ మీరందరున్నరు."