మనోడికి కట్టిన గంట

దేవుళ్లకు బండ్ల కొరత ఎప్పుడూ లేదు. అమ్మవారికి పులి, వినాయకుడికి ఎలుక, కుమారస్వామికి నెమలి, యముడికి దున్నపోతు, శనికి కాకి. లైసెన్సు అడిగేవాడు లేడు, పెట్రోలు పోసేవాడు లేడు. వానల సంగతి మర్చిపోయినా వాహనాల సంగతి మర్చిపోని వాళ్లు దేవుళ్లు. మనుషుల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ జాబితా గుర్రం, గాడిద, ఒంటె, ఏనుగు దగ్గరే ఆగిపోయింది. జింకనెందుకు ఎక్కలేదు, మనుబోతునెందుకు ఎక్కలేదు అని ఎవరూ అడగలేదు. గుట్టకిందపల్లి ఆదెన్న అడిగాడు. అడగడంతో ఆగి ఉంటే ఎంత బాగుండేది!

ఆదెన్న గొర్రెల కాపరి. యాభై రెండేళ్ల ఒంట్లో నలభై నాలుగేళ్ల నడక. కదిరి నుంచి కొత్తచెరువు దాకా ఏ గుట్ట కింద గరికె దొరుకుతుందో ఆయన అరికాళ్లకు తెలుసు. కార్తీకంలో మందకు ఆకు కోద్దామని తుమ్మచెట్టెక్కాడు. కొమ్మ విరిగింది, కొమ్మతో పాటు తొంటి విరిగింది. అనంతపురం డాక్టర్లు తొడలో రాడ్డు వేసి పంపించారు.

"ఊరికి రోడ్డు వేయండ్రా అని ఇరవై ఏండ్లు మొత్తుకుంటే, నాకు రాడ్డు వేసినారప్పా," అని చూడ్డానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పి నవ్వించాడు. డాక్టర్లు రోజుకు ఒక ఫర్లాంగు నడవమన్నారు. మంద నడిచేది నాలుగు క్రోసులు. కాలం ఎటూ కలిసి రాని ఊళ్లో ఇప్పుడు కాలు కూడా కలిసి రాలేదు.

రెండు నెలలు భార్య మారెక్క మందను తోలింది. ఒకరోజు సాయంత్రం గుమ్మంలో కూచుని, అరికాలి ముళ్లు పిన్నీసుతో తీసుకుంటూ అసలు మాట చెప్పింది.

"శివరాత్రి దాటినాక మందలన్నీ కాలవ కిందికి వలస పోతాయి. ఈడుంటే మేయనీకి రాళ్లు తప్ప ఏముండాది? నువ్వు రాలేకుంటే నేనొక్కదాన్నే మూణ్ణెల్లు పొలాల్లో పడుకోలేనయ్యా. అమ్మేద్దాం."

"గొర్రెలమ్మితే నేనెవర్ని మే?"

"నా మొగునివి."

"అది పార్ట్‌టైము ఉద్యోగం కదే!"

మారెక్క నవ్వలేదు. పిన్నీసు జాకెట్టుకు గుచ్చుకుని లోపలికి పోయింది. ఆమె నవ్వలేదంటే మాట అయిపోయినట్టే. శివరాత్రికి ఇంకా నెల ఉంది. ఆ నెలలో మంద వెనక పోయే ఉపాయం దొరికితే ఆదెన్న కాపరి, దొరక్కపోతే మంచం మీద ఒక మనిషి.

ఉపాయం బసప్ప దగ్గర ఉంది. బసప్పదీ గొర్రెల మందే. వలసలో రాత్రిళ్లు మంద చుట్టూ కట్టే వలలు, కుండలు మోయడానికి అతనికి మూడు గాడిదలున్నాయి.

"ఏమప్పా ఆదెన్నా, ఇంత ఆలోచన ఎందుకు? మా గౌరి ఉండాది. మెత్తగా నడుస్తాది. ఎక్కి కూచో."

ఆదెన్న మొహంలో నవ్వు ఆరిపోయింది. "ఇంకోసారి ఆ మాటన్నావంటే నీకూ నాకూ మాటల్లేవు బసన్నా."

బసప్పకు కారణం తెలుసు. తెలిసీ అన్నందుకు తల గోక్కున్నాడు. ఆదెన్నకు ఎనిమిదేళ్లప్పుడు, పక్క మందలో గొర్రె కోసుకు తిన్నాడని వాళ్ల నాయన నరసింహులు మీద పంచాయితీ పెట్టారు. సగం తల గొరిగి, గాడిద మీద తోక వైపు మొహం పెట్టి కూచోబెట్టి, ఊరంతా తిప్పారు. నాలుగో రోజు ఆ గొర్రె కంపల్లోంచి బతికే బయటికొచ్చింది. గొర్రెను వెనక్కి తీసుకున్నారు గానీ, ఊరేగింపును వెనక్కి తీసుకునే పద్ధతి ఏ పంచాయితీలోనూ లేదు. నరసింహులు ఆ తర్వాత బతికిన పదకొండేళ్లూ ఊరి వీధిలో నడవలేదు, చేను గట్ల మీదుగా ఇల్లు చేరేవాడు. కొడుక్కి ఒక మందనూ, మంద మెడకు ఒక కంచు గంటనూ ఇచ్చి పోయాడు.

అందుకని గాడిద లేదు. మోపెడ్ ఉందిగా అంటే, గొర్రె పోయే చోటికి మోపెడ్ పోదు, మోపెడ్ చప్పుడున్న చోటికి గొర్రె రాదు. ఇక మిగిలింది మనోడు.

మూడేళ్ల కింద హైవే మీద లారీ గుద్ది ఒక ఆడ మనుబోతు, అదే నీల్‌గాయి, చచ్చిపోయింది. పక్కనే దాని పిల్ల వణుకుతూ నిలబడి ఉంది. ఆదెన్న దాన్ని భుజాల మీద వేసుకొచ్చి మేకపాలు తాపాడు. మనుబోతు కాస్తా మనోడైంది. ఇప్పుడది ఆదెన్న భుజం ఎత్తుంది. బూడిదలో నీలిమందు కలిపిన రంగు, మెడ కింద కుచ్చు. గొర్రెలతోనే మేస్తుంది, గొర్రెలతోనే పడుకుంటుంది, ఆదెన్న "హుర్ర్ హో" అంటే గొర్రెల కంటే ముందొస్తుంది. ఇంతకంటే గుర్రం చేసేదేముంది?

గొర్రెల కడుపులో పురుగులకు నట్టల మందు తాపడానికి రిటైరైన పశువుల కాంపౌండరు లక్ష్మీపతి వచ్చినప్పుడు ఆదెన్న కదిలించాడు.

"గుర్రం కూడా ఒకప్పుడు అడివిదే కదా సారూ?"

"అడివిదే."

"మరి మనోడు చేసిన పాపమేంది?"

లక్ష్మీపతి మందు గొట్టం పక్కన పెట్టాడు. "గుర్రాల గుంపులో ఒక పెద్దది ఉంటాది ఆదెన్నా. భయమైతే మిగతావన్నీ దాని మొగం చూస్తాయి. మనిషి పోయి ఆ పెద్దదాని జాగాలో కూచున్నాడు, అంతే కత. మనుబోతుకు భయమైతే ఎవరి మొగమూ చూడదు. ఎదురుగా ఖాళీ యాడుందో చూస్తాది."

"మూడేండ్లు పాలు తాపిన మొగం కూడా చూడదా?"

"ఆకలికి చూస్తాది. భయానికి చూడదు. పైగా దాని వీపు చూడు, ముందర ఎత్తు, వెనక పల్లం. అది వీపా, జారుడుబండా? ఫారెస్టోళ్లు చూసినారంటే నిన్ను జీపెక్కిస్తారు. నీకు దొరికే సవారీ అదొక్కటే."

"మీ పుస్తకంలో మనోడు లేడు సారూ," అన్నాడు ఆదెన్న.

మర్నాటి నుంచే శిక్షణ. జీను కొనే తాహతు లేదు గనక సంతలో తెచ్చిన పాత జీన్సు ప్యాంటును గొంగడికి కుట్టి జీను చేశాడు. దాని మీద ఇసక మూట కట్టాడు. మొదటి రోజు మూట కుడితి తొట్టిలో పడింది. రెండో రోజు మారెక్క కాళ్ల మీద పడింది. "సవారీ నేర్పుతాండావా, సారీ చెప్పడం నేర్చుకుంటాండావా?" అందామె. ఆరో రోజుకు మూట పడలేదు. పదో రోజుకు మనోడు మూటతోనే పడుకుని నెమరేశాడు. ఆదెన్న ఆ రోజు రెండు ముద్దల సంగటి ఎక్కువ తిన్నాడు.

ఆపైన ఇంకో ఆలోచన వచ్చింది. అక్కడే ఉంది తప్పంతా.

గొర్రె తల ఎత్తి నడిచే జీవి కాదు. ముందు గొర్రె తోకను చూస్తుంది, చెవిలో గంట వింటుంది. అందుకే ప్రతి మందలో ఒక ముదురు పొట్టేలు మెడకు గంట కడతారు. గంట ఎటు పోతే మంద అటు. ఆదెన్న లెక్క ఏమిటంటే, తాను మనోణ్ణి నడిపిస్తాడు, మనోడి మెడలో గంట మందను నడిపిస్తుంది. ఇక కేక అక్కర్లేదు, కాలు అక్కర్లేదు.

పొట్టేలు మెడలో నుంచి తన నాయన ఇచ్చిన గంటను ఆదెన్న విప్పుతుంటే మారెక్క చెయ్యి పట్టుకుంది.

"వద్దయ్యా. పొట్టేలు బెదిరితే తిరిగి మందలోకే దూరుతాది. ఇది బెదిరితే?"

"దాని మీద నేనుంటా కదే!"

"నువ్వుండావని దానికి తెలియాల కదా."

ఆదెన్న గంట కట్టాడు. నాలుగు రోజులు గొర్రెలు తికమకపడ్డాయి, అయిదో రోజుకు అలవాటుపడ్డాయి. కేకేయకుండా ఉండటం ఆయనా అలవాటు చేసుకున్నాడు. గంట వినండి, నా గొంతు కాదు అని పది రోజులు పట్టుబట్టి నేర్పాడు. గొర్రెలు మంచి విద్యార్థులు.

శివరాత్రికి రెండు రోజుల ముందు, పొద్దున్నే, ఊరి బయట బండరాయి మీద నుంచి ఆదెన్న మనోడి మీదికి ఒరిగాడు. మనోడి చర్మం ఒక్కసారి జలదరించింది. అంతే. తర్వాత నడిచింది.

నడిచింది! గంట ఖణ్ ఖణ్ మంటోంది, వెనక యాభై ఎనిమిది గొర్రెలు దుమ్ము లేపుతూ వస్తున్నాయి. ఆ వెనక మారెక్క చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నడుస్తోంది. నవ్వు దాచుకోవడానికో, దుమ్ముకో తెలియలేదు. గాడిదల మీద వలలు వేసుకుని పక్క గుట్ట మీద పోతున్న బసప్ప ఈల వేశాడు. నలభై నాలుగేళ్లుగా తుమ్మకంపల మధ్య నుంచే చూసిన నేలను ఆదెన్న మొదటిసారి తుమ్మకంపల పైనుంచి చూశాడు. మనోడి వీపు వెచ్చగా ఉంది. తొడలో రాడ్డు సంగతి గుర్తు రాలేదు. నాయనా, ఎట్ట పోతాండానో చూడు అనుకున్నాడు.

కాలికి కుదుపు తగలకూడదని చదునైన దారి పట్టాడు. ఆ దారి నారాయణప్ప చీనీ తోట, అంటే బత్తాయి తోట, పక్కగా పోతుంది. నారాయణప్ప పదహారు బోర్లు వేయించి పదిహేడు సార్లు బోరుమన్న రైతు. చివరి బోరులో వచ్చే సన్నటి ధారను కాపాడుకోవడానికి పెద్ద గుంత తవ్వించి, నల్ల ప్లాస్టిక్ పట్టా పరిచి, నీళ్లు నింపి పెట్టాడు. రెండు నిలువుల లోతు. మూడు పక్కల కంచె ఉంది, దారి పక్కన ఇంకా కట్టలేదు. అడవిపందులు రాకుండా ఒక మైకు కూడా పెట్టాడు. అరగంటకోసారి అందులోంచి నారాయణప్ప గొంతే దానంతటదే అరుస్తుంది. ఊరికి దూరం నుంచి ఆ అరుపు అలవాటే. దగ్గర్నుంచి విన్నవాళ్లు తక్కువ. మారెక్క ఎప్పుడూ మందను అటు తోలలేదు. మనోడు సరిగ్గా మైకు ముందుకొచ్చేసరికి అది అరిచింది.

"ఎవడ్రా అది! సంపుతా కొడకల్లారా!"

ఆదెన్న కింద వీపు రాయిలా బిగిసింది. "హో మనోడా, హో," అన్నాడు. మనోడు తల తిప్పలేదు. ఒక్క చెవైనా ఆయన వైపు మళ్లలేదు. ఎదురుగా ఖాళీ ఎక్కడుందో చూసింది. ఆ తర్వాత ఆదెన్న చేతిలో జీన్సు ప్యాంటు కాలు మాత్రం ఉంది, ఆయన నేల మీద ఉన్నాడు. తొంటిలో ఏదో పటుక్కుమంది.

గంట పరుగెత్తుతోంది. దాని వెనక మంద పరుగెత్తుతోంది.

"హుర్ర్ హో! హుర్ర్ హో!"

గొంతు చీలిపోయేలా అరిచాడు. ఒక్క గొర్రె ఆగలేదు. ఆయన నేర్పిందే అవి చేస్తున్నాయి.

మనోడు గుంత గట్టెక్కి, నీళ్లు చూసి, గట్టు మీదే తిరిగి, అవతలి కంచె మీది నుంచి ఒక్క దూకు దూకి పోయింది. గొర్రెలు గట్టెక్కాయి. ముందున్నవి ఆగాలనుకున్నాయి, వెనకున్నవి తోశాయి. నల్ల పట్టా మీద గిట్ట నిలవదు. జారుతూ, ఒకదాని మీద ఒకటి, అన్నీ నీళ్లలోకి దిగాయి. అవతల ఎక్కడో గంట ఇంకా మోగుతుంటే, దాని వైపే ఈదుకుంటూ పోయి, ఆ పక్క పట్టా మీద ఎక్కబోయి, మళ్లీ జారాయి.

మారెక్క కొంగు బిగించి గట్టెక్కింది. బసప్ప గుట్ట దిగి, గాడిద మీది వల లాక్కుని పరుగెత్తుకొచ్చాడు. వల విసిరి లాగారు, మళ్లీ విసిరి లాగారు. ఉన్ని నీళ్లు తాగితే గొర్రె బరువు రెండింతలు. ఆదెన్న మోచేతుల మీద పాకుతున్నాడు గానీ గట్టు దగ్గర కావడం లేదు. అరుపులు మాత్రం వినిపించాయి. మొదట లెక్కపెట్టలేనన్ని. తర్వాత లెక్కపెట్టగలిగినన్ని. తర్వాత మారెక్క ఏడుపొక్కటే.

తొమ్మిది మిగిలాయి. గుక్కెడు నీటికోసం ఎన్ని క్రోసులైనా నడిచే మంద, నీళ్లు ఎక్కువై చచ్చింది.

మైకు మళ్లీ అరిచింది. "ఎవడ్రా అది!"

అంబులెన్సు తారురోడ్డు దాకే వస్తుందన్నారు. తారురోడ్డు ఊరికి అవతల ఉంది. బసప్ప గౌరిని తోలుకొచ్చి ఆదెన్న పక్కన నిలబెట్టాడు. అది తల దించుకుని నిలబడింది.

"అన్నా..." అన్నాడు బసప్ప.

ఆదెన్న కళ్లు మూసుకున్నాడు.

ముందుకు తిరిగి కూచుంటే తొంటి ఓర్చుకోలేకపోయింది. అందుకని గౌరి మెడ దగ్గర తడి వల చుట్టగా పెట్టి, దానికి వీపు ఆన్చి, తోక వైపు మొహం పెట్టి కూచోబెట్టారు. గౌరి మెత్తగానే నడిచింది. బసప్ప చెప్పింది నిజమే. ఊరి వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. ఎవరూ నవ్వలేదు, ఒక ముసలాయన తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. వెనక్కి కూచున్నవాడికి ఇళ్లు ఎదురు రావు, ఒక్కొక్కటే దూరమై చిన్నవైపోతాయి. నాయన చూసింది ఇదే కాబోలు అనుకున్నాడు ఆదెన్న.

ఈసారి డాక్టర్లు రాడ్డు మార్చారు, నడక సంగతి ఎత్తలేదు.

శివరాత్రి దాటి వారమైంది. మందలన్నీ కాలవ కిందికి వెళ్లిపోయాయి. మిగిలిన తొమ్మిది గొర్రెలను కదిరి బేరగాడు ఆటోలోకి ఎక్కిస్తున్నాడు. మారెక్క ఒక్కొక్కదాని తలా నిమిరి అందిస్తోంది. ఆఖరిది ఎక్కగానే గుట్ట మీద ఎక్కడో సన్నగా గంట మోగింది. తొమ్మిదీ ఒక్కసారే తలలెత్తి అటు చూశాయి, దిగబోయాయి. బేరగాడు తిట్టుకుంటూ వెనక తలుపు గొళ్లెం వేశాడు.

"మనోడే," అంది మారెక్క.

మంచం మీద ఆదెన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తల ఎత్తలేదు.